చెట్టు మందు, క్యాన్సర్ జబ్బు: బిళ్ళగన్నేరు ఎందుకు నిలిచింది, చేదుబాదం ఎందుకు నిలవలేదు



మొన్న పక్క మండలం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసినాడు. "అన్నా, నర్సరీ ఆయనొకడు వచ్చినాడు. లక్ష్మణఫలం మొక్కలు ఎకరానికి 300 ఇస్తాడంట. మూడో ఏడు నుంచి ఆకు ఎండబెట్టి పెడితే వాళ్ళే వచ్చి కొంటారంట. ఆ ఆకు క్యాన్సర్‌కు మందంట, కీమో కంటే పదివేల రెట్లు బలమంట. తోతాపురి ధర చూస్తే కడుపు మండతా ఉంది. తోపులో ఒక ఎకరం కొట్టేసి ఇది పెడదామా?" అని అడిగినాడు.

మాట్లాడతా మాట్లాడతా ఇంకో మాట కూడా అన్నాడు. వాళ్ళ చిన్నమ్మకు గొంతులో గడ్డ ఉందంట. పరీక్ష చేయించుకోమని డాక్టరు రాసిస్తే, ఆయమ్మ పోకుండా ఆ నర్సరీ ఆయన ఇచ్చిన ఆకు కషాయం తాగుతా ఉందంట.

తోపు సంగతి రెండు దినాలు ఆగమని చెప్పినా. చిన్నమ్మను మాత్రం రేపే ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పినా. ఎందుకు అట్ల చెప్పినానో ఫోన్‌లో చెప్పేంత చిన్న కథ కాదు, అందుకే ఈడ రాస్తా ఉండా. పొడుగు పోస్టే, సంగటి తిని కూర్చోని చదవండి.

ముందుగా ఒక మాట. చెట్టు మందంటే నాకు చులకన లేదు. మా జేజి చేతి కషాయం తాగి పెరిగినోణ్ణే. చెట్టులో క్యాన్సర్ మందు ఉండనే ఉండదని చెప్పే వాళ్ళ మాట కూడా నిజం కాదు. ఉంది. ఆ చెట్టు మీ ఇంటి ముందరే ఉంది.

బిళ్ళగన్నేరు. కొందరు నిత్యకల్యాణి అంటారు. అరవ వాళ్ళు సుడుకాట్టు మల్లి అంటారు, అంటే శ్మశానంలో పూసే మల్లె. గులాబీ రంగు పూలు, తెల్ల పూలు, ఎండకు కూడా చావదు, నీళ్ళు పోయకపోయినా పూస్తానే ఉంటుంది. మేక దాని జోలికి పోదు. దీని పుట్టిల్లు మన దేశం కాదు, ఆఫ్రికా పక్కన ఉండే మడగాస్కర్ దీవి. ఓడలెక్కి ప్రపంచమంతా తిరిగి మన గోరీల దగ్గర, గుడుల దగ్గర నిలదొక్కుకుంది. చానా దేశాల్లో దీని ఆకు కషాయాన్ని షుగరు జబ్బుకు తాగేవాళ్ళు. జమైకాలో, ఫిలిప్పీన్స్‌లో ఆ వాడుక గట్టిగా ఉండేది.

1952లో జమైకా నుంచి కెనడాకు ఒక కవరు పోయింది. దాంట్లో ఈ చెట్టు ఆకులు 25. కవరు అందుకున్నది క్లార్క్ నోబుల్ అనే డాక్టరు. ఈయన కథ కూడా విచిత్రమే. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనిపెట్టే పనిలో బాంటింగ్‌కు సాయంగా ఉండేందుకు ఇద్దరు విద్యార్థులు ఉంటే, ముందు ఎవరు పోవాలని బొమ్మా బొరుసా వేసుకున్నారంట. నోబుల్ ఓడిపోయినాడు, గెలిచిన బెస్ట్ పేరు చరిత్రలో నిలిచింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ నోబుల్ చేతికి ఈ ఆకులు వచ్చినాయి. ఆయన వాటిని తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపినాడు. తమ్ముడు వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీలో పరిశోధన చేసే డాక్టరు. షుగరు తగ్గుతుందేమో చూడమని అడిగినాడు.

రాబర్ట్ నోబుల్ ఎలుకలకు ఆకు రసం తాపి చూసినాడు. షుగరు తగ్గలేదు. సరే, సూదితో ఎక్కించి చూద్దామనుకున్నాడు. ఎలుకలు వారంలోపే చచ్చిపోయినాయి. మామూలు మనిషైతే ఇది విషం, పనికిరాదని ఆడికే పారేసేవాడు. ఆయన మాత్రం ఎందుకు చచ్చినాయని కోసి చూసినాడు. ఒళ్ళంతా చీము పట్టి ఉంది. రక్తంలో తెల్ల కణాలు పడిపోయి ఉన్నాయి. జబ్బుతో పోరాడే కణాలే లేకపోతే చీము పట్టక ఏమవుతుంది?

అప్పుడే ఆయనకు తోచింది. బ్లడ్ క్యాన్సర్‌లో తెల్ల కణాలు విచ్చలవిడిగా పెరుగుతాయి. ఈ ఆకులో తెల్ల కణాలను అణచేది ఏదో ఉంది. అది దొరికితే?

1954లో చార్లెస్ బీర్ అనే కెమిస్టు ఆయనతో కలిసినాడు. ఇద్దరూ నాలుగేళ్ళు ఆకులు ఉడకబెట్టి, వడగట్టి, వేరు చేసి ఒక పదార్థాన్ని తీసినారు. అదే విన్‌బ్లాస్టిన్. 1958లో దాని గురించి ప్రకటించినారు. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ మందుల కంపెనీలో గోర్డన్ స్వొబోడా అనే శాస్త్రవేత్త కూడా షుగరు వాడుక వినే ఈ చెట్టును పట్టుకుని, అదే దారిలోకి వచ్చినాడు. ఆ కంపెనీ ఇంకొక పదార్థం కూడా తీసింది, విన్‌క్రిస్టిన్. 1963లో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది.

అప్పటి దాకా పసిపిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వస్తే దాదాపు అందరూ పోయేవాళ్ళే. ఇప్పుడు మంచి ఆస్పత్రుల్లో నూటికి దగ్గర దగ్గర 90 మంది బతుకుతా ఉన్నారు. అదంతా బిళ్ళగన్నేరు ఒక్కదాని గొప్ప కాదు, నాలుగైదు మందులు కలిపి ఇచ్చేదాని గొప్ప. ఆ కలిపిచ్చే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఈ పొద్దుకీ ఉంది.

ఆ మందుల్లోనే ఇంకోటి ఉంది, మన తెలుగోడి చెయ్యి పడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి, తర్వాత అక్కడే ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పినాడు. ఆపైన అమెరికా పోయినాడు. ఫోలిక్ ఆమ్లమనే విటమిన్ మీద ఆయన బృందం లెడర్లీ కంపెనీలో పనిచేసింది. ఆ విటమిన్‌కు పేరు వచ్చిందే ఆకు అనే మాట నుంచి, పాలకూర నుంచి దాన్ని తీసినారు గనక. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లో వాడితే, జబ్బు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. అట్లయితే దానికి అడ్డం పడే మందు ఇస్తే తగ్గాల కదా అనుకున్నారు. సుబ్బారావు గారి బృందం అడ్డుమందు చేసిచ్చింది. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి చూసిన లెక్క ప్రకటించినాడు, వాళ్ళలో 10 మందికి కొన్నాళ్ళు జబ్బు తగ్గింది. ఆ తర్వాత మళ్ళీ తిరగబెట్టిందని కూడా దాచకుండా రాసినాడు. సుబ్బారావు గారు ఆ ఏడే చనిపోయినారు. ఆ దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడతా ఉన్నారు.

ఆయుర్వేద కాలేజీలో పాఠం చెప్పిన మనిషి ఇంగ్లీషు మందు చేసినాడు. అంటే ఇది మన వైద్యానికీ వాళ్ళ వైద్యానికీ కొట్లాట కాదు. పరీక్షకు నిలిచే మందుకూ, నిలవని మందుకూ మధ్య ఉండే తేడా. ఆ తేడా తెలియాలంటే రెండో కథ వినాల.

మీలో ఆవులు ఉన్న వాళ్ళకు జొన్న నాము సంగతి తెలుసు. వాన లేక గిడసబారిన లేత జొన్న, కోసిన తర్వాత మోళ్ళకు వచ్చే పిలకలు మేస్తే పశువు కాసేపట్లోనే పడిపోతుంది. ఆ పిలకల్లో మామూలుగా విషం ఉండదు, విషం పుట్టించే సరుకు ఉంటుంది. పశువు నమిలేసరికి దాంట్లోంచి సైనైడ్ విడిపోతుంది. డాక్టరు పరుగెత్తుకొచ్చి థయోసల్ఫేట్ సూది వేస్తే బతుకుతుంది, లేకపోతే లేదు. 

సరిగ్గా అట్లాంటి సరుకే చేదుబాదం పప్పులో, ఆప్రికాట్ పండు విత్తనం లోపలి పప్పులో ఉంటుంది. దాని పేరు అమిగ్డాలిన్. 1830లోనే ఫ్రాన్సు కెమిస్టులు రొబికె, బూట్రాన్ దాన్ని వేరు చేసినారు. కడుపులో అది విరిగితే చక్కెర, బాదం వాసన ఇచ్చే నూనె, దాంతోపాటు సైనైడ్ వస్తాయి.

1950ల మొదట్లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రెబ్స్ అనే తండ్రీ కొడుకులు దీని నుంచి ఒక మందు చేసి లేట్రైల్ అని పేరు పెట్టినారు. వాళ్ళ వాదం వినేందుకు బాగుంటుంది. క్యాన్సర్ కణంలో ఈ సరుకును విరిచే గుణం ఎక్కువంట, సైనైడ్‌ను తట్టుకునే గుణం తక్కువంట. కాబట్టి విషం క్యాన్సర్ కణంలోనే పుట్టి దాన్నే చంపుతుందంట, మంచి కణానికి ఏమీ కాదంట. తర్వాత పరీక్షించి చూస్తే మంచి కణానికీ చెడ్డ కణానికీ ఆ తేడా లేదని తేలింది. ఆపైన కొడుకు క్రెబ్స్ దానికి విటమిన్ బి17 అని కొత్త పేరు పెట్టినాడు. క్యాన్సర్ అంటే ఆ విటమిన్ తక్కువై వచ్చే జబ్బని చెప్పినాడు. నిజానికి అది విటమిన్ కాదు. అది తినకపోతే మనిషికి ఏ జబ్బూ రాదు. విటమిన్ అని పేరు పెడితే మందుకుండే కట్టుబాట్లు తప్పుతాయి, తినేవాడికి భయం పోతుంది.

1953లో కాలిఫోర్నియా వైద్య సంఘం కమిటీ ఈ మందు వాడిన 44 మంది లెక్కలు తీసి చూసింది. ఒక్కరికీ దీని వల్ల మేలు జరిగిన ఆధారం దొరకలేదు. కథ ఆడికే అయిపోవాల. అయిపోలేదు.

1970ల్లో అది పెద్ద ఉద్యమం అయింది. "నా ఒళ్ళు, నా మందు, ప్రభుత్వం ఎవరు అడ్డం పడటానికి" అనే మాట ఊరూరా పోయింది. ఇరవైకి పైగా రాష్ట్రాలు లేట్రైల్ వాడుకోవచ్చని చట్టాలు చేసినాయి. సరిహద్దు దాటి మెక్సికోలో తిహువానా ఊర్లో క్లినిక్కులు వెలిసినాయి. రోగులు కోర్టుకెక్కినారు. 1979లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: మందు పనిచేస్తుందని, హాని చేయదని చూపించాలన్న చట్టం చావుకు దగ్గరైన రోగులకు కూడా వర్తిస్తుంది, వాళ్ళకూ ఆ కాపాడే హక్కు ఉంది అని.

దీని మధ్యలో న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సంస్థలో ఇంకో గొడవ జరిగింది. కనెమత్సు సుగియురా అని జపాన్‌లో పుట్టిన పెద్దాయన, దశాబ్దాల అనుభవం ఉన్న శాస్త్రవేత్త, 1972 నుంచి ఎలుకల మీద లేట్రైల్ పరీక్షించినాడు. అసలు గడ్డ తగ్గలేదు, కానీ ఊపిరితిత్తులకు పాకడం తగ్గినట్టు ఉందని ఆయన చెప్పినాడు. వేరే వాళ్ళు అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం రాలేదు. ఏ ఎలుకకు మందు ఎక్కించినారో, ఏ ఎలుకకు ఉత్త నీళ్ళు ఎక్కించినారో చూసేవాళ్ళకు తెలియకుండా చేసినప్పుడు కూడా తేడా తేలలేదు. 1977లో సంస్థ "పనిచేయదు" అని ప్రకటించింది. పెద్దాయన మాత్రం తన మాట మీదే నిలబడినాడు. నిజం తొక్కేసినారని సంస్థలో పనిచేసే ఒకాయన బయటికొచ్చి చెప్పినాడు, ఆయన ఉద్యోగం పోయింది. "చూడండి, దాస్తా ఉన్నారు" అని జనం ఇంకా గట్టిగా నమ్మినారు.

ఈడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. అనుమానం రావడం తప్పు కాదు. మనకు కూడా మందుల కంపెనీల మీద, విత్తనాల కంపెనీల మీద కడుపు మంట ఉంది. అందుకే ఆ అనుమానాన్ని తీర్చే పని అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థే చేసింది. 1978లో దేశంలో లక్షల మంది డాక్టర్లకు ఉత్తరాలు రాసింది. ఈ మందుతో బాగైన వాళ్ళు ఉంటే వివరాలు పంపండి అని అడిగింది. అప్పటికి దాదాపు 70,000 మంది దాన్ని వాడి ఉంటారని అంచనా. వచ్చిన కేసులు 93. వాటిలో పూర్తి వివరాలు ఉన్నవి 67. ఆ 67లో గడ్డ తగ్గినట్టు కనిపించినవి 6. అది మందు వల్లనేనా, వేరే చికిత్స వల్లనా తేలలేదు. ఆరు ఉన్నాయి గదా అని, ఈసారి సరిగ్గా మనుషుల మీదే చూద్దామనుకున్నారు.

మేయో క్లినిక్ డాక్టర్ చార్లెస్ మోర్టెల్ ఆధ్వర్యంలో నాలుగు ఆస్పత్రుల్లో 178 మందికి లేట్రైల్ ఇచ్చినారు. ఒట్టి మందే కాదు, ఆ క్లినిక్కుల వాళ్ళు చెప్పే పథ్యం, ఎంజైములు, విటమిన్లు అన్నీ కలిపి ఇచ్చినారు. "చావబోయే వాళ్ళకు ఇచ్చి పనిచేయలేదంటారు" అనే మాట రాకుండా, లేచి తిరగగలిగే రోగులను తీసుకున్నారు. వాళ్ళలో మూడోవంతు మంది అంతకుముందు కీమో తీసుకోని వాళ్ళు. 1982 జనవరిలో ఫలితం అచ్చయింది. ఒక్కరికీ జబ్బు నయం కాలేదు. ఆయుష్షు పెరిగిన గుర్తు లేదు. కొందరి రక్తంలో సైనైడ్ ప్రాణం తీసే మోతాదు దగ్గరికి చేరింది.

తేలేలోపల ఎంతమంది పోయినారో లెక్క లేదు. ఒక్క కేసు మాత్రం చెబుతా. మసాచుసెట్స్ రాష్ట్రంలో రెండేళ్ళు కూడా నిండని పిల్లోడికి బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కీమోతో జబ్బు అణిగింది. మందు పడినప్పుడు బిడ్డ పడే బాధ చూడలేక తల్లిదండ్రులు ఇంట్లో మందు ఆపేసినారు. మళ్ళీ వచ్చింది. కోర్టు చికిత్స చేయించమంటే, వాళ్ళు బిడ్డను ఎత్తుకుని మెక్సికో పోయినారు, లేట్రైల్ ఇప్పించినారు. 1979 అక్టోబరులో మూడేళ్ళ వయసులో ఆ బిడ్డ చనిపోయినాడు. ఆ తల్లిదండ్రులు బిడ్డ మీద ప్రేమ లేని వాళ్ళు కాదు. ప్రేమ ఎక్కువై చేసిన పని అది. ఆ పిల్లోడికి వచ్చిన జబ్బుకే బిళ్ళగన్నేరు మందు పనిచేస్తుంది. ఒక చెట్టు మందును వదిలి, ఇంకో చెట్టు మందు కోసం దేశం దాటినారు.

ఆ తర్వాతి ఏడు హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ కూడా క్యాన్సర్‌తో మెక్సికో పోయి లేట్రైల్, ఇంకా ఏవేవో వైద్యాలు చేయించుకున్నాడు. 1980 నవంబరులో అక్కడే ఆపరేషన్ తర్వాత చనిపోయినాడు. డబ్బు ఉన్నోడు, చదువుకున్న దేశం వాడు కూడా ఇట్లాంటి దాంట్లో పడతాడు. కాబట్టి మన ఊర్లో వాళ్ళు నమ్మితే వాళ్ళను తెలివి తక్కువ వాళ్ళని నవ్వొద్దండి.

ఇప్పుడు "మంచి చెట్టు మందులను కంపెనీలు తొక్కేస్తాయి, ఎందుకంటే చెట్టు మీద లాభం రాదు" అనే మాటకు వద్దాం. వాట్సాప్‌లో వారానికి రెండుసార్లు వస్తుంది ఇది. బిళ్ళగన్నేరును చూడండి. రోడ్డు పక్కన ఊరికే పెరిగే చెట్టు. దాన్ని కంపెనీ తొక్కేయలేదు, దాంతో కోట్లు సంపాదించింది. ఒక్క గ్రాము మందు రావాలంటే వందల కిలోల ఎండాకు కావాల, అయినా చేసింది. తమిళనాడులో, కర్ణాటకలో, మన రాష్ట్రంలో కూడా రైతులు మందుల కోసం ఈ చెట్టును సాగు చేసినారు. పనిచేసే చెట్టును ఎవరూ వదలరన్నా, వెతుక్కుంటా వస్తారు. అడగాల్సిన అసలు న్యాయం వేరే ఉంది. ఆ చెట్టు పుట్టిన మడగాస్కర్‌కు, వాడుక చెప్పిన జమైకా నాటు వైద్యానికి ఆ లాభంలో ఏమీ దక్కలేదు. ఇట్లాంటి అన్యాయాల మీద ప్రపంచమంతా మాట్లాడిన తర్వాతే మన దేశంలో 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. కంపెనీలను నిలదీయాలంటే ఈ లెక్క అడగండి.

ఇక లక్ష్మణఫలం. సీతాఫలం, రామాఫలం కుటుంబమే. మన గుట్టల్లో సీతాఫలం గింజల పొడి తలలో పేలకు పెట్టే వాడుక మీకు తెలుసు, కంట్లో పడితే చూపుకే ముప్పని కూడా తెలుసు. కషాయాలు చేసే వాళ్ళు పురుగుకు సీతాఫలం ఆకు ఎందుకు వేస్తారు? దాంట్లో పురుగు కణాలను చంపే సరుకు ఉంది గనక. లక్ష్మణఫలంలో కూడా అదే జాతి సరుకు ఉంది. 1996లో అమెరికాలో దాని గింజల్లోంచి తీసిన ఒక పదార్థం, గాజు పాత్రలో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద ఒక కీమో మందు కంటే పదివేల రెట్లు గట్టిగా పనిచేసిందని అచ్చయింది. నర్సరీ ఆయన చెప్పే పదివేల రెట్లు ఆడిదే. అది అబద్ధం కాదు, కానీ ఆ పరీక్ష గాజు పాత్రలో జరిగింది, మనిషిలో కాదు. గింజల్లోంచి వేరు చేసిన సరుకుతో జరిగింది, ఆకు కషాయంతో కాదు. గాజు పాత్రలో కణాలను చంపేవి చానా ఉన్నాయి, మనం కొట్టే పురుగుమందు కూడా చంపుతుంది. మనిషికి హాని లేకుండా గడ్డను మాత్రం చంపుతుందా అనేదే ప్రశ్న. ఆ ప్రశ్నకు లక్ష్మణఫలం ఇప్పటిదాకా సమాధానం చెప్పలేదు.

ఇంకో సంగతి వాట్సాప్‌లో రాదు. కరీబియన్ దీవుల్లో గ్వాడలూప్ అనే చోట ఈ పండు, ఈ ఆకు టీ ఎక్కువగా వాడే వాళ్ళలో పార్కిన్సన్ లాంటి వణుకు జబ్బు ఎక్కువగా కనిపిస్తా ఉందని 1999లో డాక్టర్లు ప్రకటించినారు. అప్పుడప్పుడు ఒక పండు తింటే భయపడేది ఏమీ లేదు. నెలల తరబడి దినామూ ఆకు కషాయం తాగడం మాత్రం వేరే సంగతి.

ఇంతవరకు పుస్తకాల కథ. ఇప్పుడు మా ఇంటి కథ.

2011లో మా వదినకు రొమ్ములో చింతగింజంత గడ్డ తగిలింది. సిగ్గుతో రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పినాక కూడా కోత అంటే భయం. తెలిసిన వాళ్ళెవరో ఒక వైద్యుడి పేరు చెప్పినారు. పత్తెం పెట్టి, ఆకుల పొడి ఇచ్చి, కోయకుండా కరిగిస్తానన్నాడు. మా అన్న నమ్మినాడు. నేను కూడా నమ్మినా, ఆయమ్మను బండి మీద తీసుకుపోయింది నేనే. మొదట్లో "నొప్పి తగ్గింది" అనేది వదిన. ఎనిమిది నెలలు అట్లనే గడిచింది. గడ్డ పగిలి నీరు కారితే అప్పుడు రాయవేలూరు పరుగెత్తినాం. అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందన్నారు. రెండు జెర్సీ ఆవులు, బోరు కింది కయ్య అమ్మినాం. ఏడాదిన్నర బతికింది.

ఆడ ఒక దినం సెలైన్ ఎక్కిస్తా ఉంటే వదిన డాక్టరమ్మను అడిగింది, "ఈ ఇంగ్లీషు విషం కాకుండా చెట్టు మందు లేదా తల్లీ" అని. ఆ డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది: "ఇదీ చెట్టు మందేనమ్మా. అమెరికాలో యూ అనే చెట్టు బెరడు నుంచి కనిపెట్టినారు. మీరు ముందే వచ్చి ఉంటే ఇంకా బాగా పనిచేసి ఉండేది." ఆ మందు పేరు పాక్లిటాక్సెల్ అని నేను తర్వాత చదివి తెలుసుకున్నా. 1992లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు. మా వదిన ఎనిమిది నెలలు వెతుక్కున్న చెట్టు మందు ఆ సీసాలో ఉండింది. మేము లేటుగా పోయినాం.

ఆ వైద్యుడి పొడి ఆయమ్మను చంపిందని నేను అనను. పొడిలో ఏముందో ఇప్పటికీ తెలీదు. ఆయమ్మను చంపింది ఆ ఎనిమిది నెలలు. ఆ నెలలు ఇచ్చింది మేము.

మీరు అడగొచ్చు: "మన పుత్తూరు కట్టుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు గదా, నాటు వైద్యం అంత చెడ్డదా?" కాదన్నా. విరిగిన ఎముక అతుక్కుందా లేదా అనేది కొన్ని వారాల్లో కంటికి కనిపిస్తుంది. చెయ్యి లేస్తుందా లేదా అనేది రోగికే తెలుస్తుంది, వంకర పోతే ఊరంతా చూస్తుంది. క్యాన్సర్ అట్లా కాదు. నొప్పి ఒక నెల తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, లోపల గడ్డ పెరుగుతానే ఉంటుంది. ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళు తర్వాత కషాయం తాగి, కషాయంతో బాగైందని చెబుతారు. పోయిన వాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు. కంటితో తేల్చలేని జబ్బు కాబట్టే లెక్క పెట్టి తేల్చాల్సి వస్తుంది.

కాబట్టి ఎవరైనా క్యాన్సర్‌కు చెట్టు మందు అని చెబితే కొట్లాడొద్దు, మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇది ఎంతమంది మనుషులకు ఇచ్చినారు, వాళ్ళలో ఎంతమంది చనిపోయినారు? బాగైన వాళ్ళ పేర్లే చెప్పి చనిపోయిన లెక్క చెప్పకపోతే లేచి రండి. రెండు, ఆస్పత్రి వైద్యం ఆపమంటా ఉన్నాడా? ఆపమంటే అది మందు కాదు, ముప్పు. మూడు, ఆయన మీకు అమ్మేది ఏమిటి? మొక్కా, పొడా, పుస్తకమా?

చట్టం కూడా తెలుసుకోండి. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్‌ను నయం చేస్తామని మందుకు ప్రకటన ఇవ్వడమే నేరం. కరపత్రం వేసినా నేరమే.

మన జిల్లాలకు దారి కూడా దగ్గరే ఉంది. ఒకప్పుడు రాయవేలూరుకో మద్రాసు అడయారుకో పోవాల్సి వచ్చేది. ఇప్పుడు తిరుపతిలో స్విమ్స్ ఉంది, టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆస్పత్రి 2022లో తెరిచినారు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో క్యాన్సర్ వైద్యం ఉంది, కార్డు తీసుకుని పోండి. డాక్టరు దగ్గర దాచొద్దు. ఏ కషాయం తాగుతా ఉన్నా చెప్పండి, కొన్ని ఆకులు మందుతో కలిస్తే కాలేయానికి దెబ్బ. తిడతారని భయపడి చెప్పకపోవడం వల్లే నష్టం. డాక్టర్లకు కూడా ఒక మాట: మీరు ఐదు నిమిషాలు కూర్చోని మాట్లాడితే మా వాళ్ళు అర్ధ దినం కూర్చోబెట్టి మాట్లాడే వాడి దగ్గరికి పోరు.

బిళ్ళగన్నేరు ఆకు కూడా ఇంట్లో నమలొద్దండి. మందు అయింది గదా అని నమిలితే విషమే. ఆ ఎలుకలు ఎట్ల చచ్చినాయో చదివినారు గదా. ఎంత మోతాదు, ఏ నరానికి, ఎన్ని దినాలకొకసారి అని కొలిచినాకే అది మందయింది. విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళానికి ఎక్కించాల్సింది పోయి వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. 

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు. లక్ష్మణఫలం పండు కోసం గట్టు మీద నాలుగు మొక్కలు పెట్టుకో, పండు బాగుంటుంది. ఆకు కోసం తోపు కొట్టొద్దు. కొంటామన్న వాడిని మూడేళ్ళ కొనుగోలు ఒప్పందం స్టాంపు పేపరు మీద రాసివ్వమని అడుగు, ముందు ఇప్పటికే కొంటా ఉన్న రైతు ఊరు చూపించమని అడుగు. ఈము కోళ్ళు, సఫేద్ ముస్లి నాటి కథ మనకు తెలియనిది కాదు. తోతాపురి ధర సంగతి వేరే పోస్టులో మాట్లాడుకుందాం, అది కూడా కొట్లాడాల్సిందే.

చిన్నమ్మను పరీక్షకు తీసుకుపోయినావా లేదా, అది ముందు నాకు ఫోన్ చేసి చెప్పు.